అద్దెకున్నవాళ్లు ఈ వాడ మనుషులు కారా?

తెలంగాణలో 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 మంది జనాభా ఉన్న తండాలను కూడా గ్రామపంచాయతీలు చేశారు. చేయాల్సిన పనే చేశారు. ఇవాళ ఆ తండాకు సర్పంచ్ పదవి ఉంది, వార్డు సభ్యులున్నారు, గ్రామసభ ఉంది. ఆ సభ సక్రమంగా జరుగుతోందా లేదా అన్నది వేరే గొడవ. జరగకపోతే ఎందుకు జరపలేదని నిలదీసే హక్కయితే అక్కడ ఓటున్న ప్రతి ముసలమ్మకూ ఉంది. ఆ ముసలమ్మ కొడుకు పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్ వచ్చి, బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో ఒక గది అద్దెకు తీసుకున్నాడనుకోండి. అతనికి ఏ సభ ఉంది? 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షల పైచిలుకు. తొలి మూడు ఎన్నికలు జరిగింది 150 డివిజన్లకు. అంటే సగటున 45 వేల మందికి ఒక కార్పొరేటర్. ఆ 45 వేల మందిలో ఒక వీధివాళ్లు, ఒక బస్తీవాళ్లు ఏడాదికి ఒక్కసారైనా ఒకచోట కూర్చుని, మాకు ముందు మోరీ కావాలా రోడ్డు కావాలా అని తేల్చుకునే ఏర్పాటు లేదు. తండాలో లెక్కకొచ్చిన మనిషి నగరంలో అడుగుపెట్టగానే లెక్కలోంచి జారిపోయాడు. ఇంత అన్యాయం ముప్పై ఏళ్లుగా పట్టపగలు నడుస్తుంటే ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు!

ముప్పై ఏళ్లు అని నోటికొచ్చి అనలేదు. 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 జూన్ 1న. జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న ప్రతి మున్సిపాలిటీలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. రాష్ట్రాలు దాన్ని పక్కన పడేశాయి. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పేరిట పట్టణాల పథకం తెచ్చి, నిధులు కావాలంటే ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయండి అని షరతు పెట్టింది. కేంద్రం పంపిన నమూనా చట్టానికి ప్రాణం ఏరియా సభ. ఒకటో రెండో పోలింగ్ బూత్‌ల పరిధిలో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. మూడంతస్తుల మేడ ఉన్నవాడూ, ఆ మేడ కింద వెనక పోర్షన్‌లో అద్దెకున్నవాడూ, ఆ గేటు ముందు ఇస్త్రీ బండి పెట్టుకున్నవాడూ సమానంగా చెయ్యెత్తాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 2008లో చట్టం చేసింది. చేసి, ఏరియా సభ ప్రతినిధిని జనం ఎన్నుకునే హక్కు తీసేసి నామినేషన్ పెట్టింది. షరతు తీరింది, నిధులు వచ్చాయి, సభ మాత్రం రాలేదు. వార్డు కమిటీలు వేసిన చోట కూడా చాలావరకు అవి కాగితం మీదే ఉండిపోయాయి.

తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఏం చేశాయి? తెలంగాణ 2019లో కొత్త మున్సిపాలిటీల చట్టం తెచ్చింది. వార్డుకు నాలుగు కమిటీలన్నారు: యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి, ఒక్కోదాంట్లో 15 మంది. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలుపెట్టి పది రోజులు హడావిడి చేశారు. మళ్లీ అదే జబ్బు. ఆ 60 మందినీ వార్డు జనం ఎన్నుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి. శానిటేషన్‌కు ఒక కార్యదర్శి, ప్లానింగ్‌కు ఒకరు, సంక్షేమానికి ఒకరు, ఆరోగ్యానికి ఒకరు... ఆఫీసు వీధిలోకి వచ్చింది, 50 ఇళ్లకు ఒక వాలంటీరు కూడా వచ్చాడు. ఆఫీసు దగ్గరికి రావడం పేదవాడికి చిన్న మేలు కాదు, బస్సెక్కి పోయి రోజు కూలి పోగొట్టుకోవాల్సిన బాధ తప్పింది. కానీ ఆ కార్యదర్శులు వార్డు జనానికి జవాబుదారులు కారు. వాళ్లు పైవాళ్లకు నివేదిక పంపుతారు. పింఛను వచ్చిందా, బియ్యం అందాయా అని అడగడానికి ప్రభుత్వం గడప దాకా వచ్చింది, గడప లోపలున్న మనిషి నిర్ణయం చెప్పడానికి మాత్రం చోటు పెట్టలేదు. అంతకు ముందు 1997లో మొదలైన జన్మభూమిలోనూ అంతే. అధికారులు వీధుల్లోకి దిగారు, శ్రమదానం చేయమన్నారు, అర్జీలు తీసుకున్నారు. చెమట జనానిది, సంతకం అధికారిది.

సభ లేకపోతే ఏమైంది, ప్రాణం పోయిందా అని అడిగేవాళ్లున్నారు. పోయింది. మా వీధిలోనే పోయింది.

మూడో ఇంట్లో వెనక పోర్షన్‌లో ఒక కుటుంబం ఉండేది. ఆయన రోలింగ్ షట్టర్ల షాపులో పనిచేస్తాడు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, ఫాల్స్ వేసేది. వీధిలో ఆడవాళ్లలో ఆమె చేత్తో కుట్టించుకోనివాళ్లు తక్కువ. పోయిన వానల్లో ఆమెకు డెంగీ వచ్చింది. వీధి చివర ఒక అపార్ట్‌మెంటు పని సగంలో ఆగిపోయింది. దాని సెల్లార్‌లో, లిఫ్ట్ గుంతలో మోకాలి లోతు నీళ్లు నెలల తరబడి నిలిచి ఉన్నాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇలాంటి నిలవ నీళ్లలోనే పెరుగుతుంది. బతికినన్నాళ్లూ కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. అంటే ఆమెను కుట్టిన దోమ ఎక్కడో పుట్టి రాలేదు. మా వీధిలోనో పక్క వీధిలోనో పుట్టింది. ఆ సెల్లార్ గురించి మేం ఫోటోలు తీసి ఫిర్యాదు పెట్టాం. సమస్య పరిష్కరించామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నీళ్లు అలాగే ఉన్నాయి. మళ్లీ పెట్టాం, మళ్లీ పరిష్కరించామన్నారు. ఎవరు వచ్చారు, ఏం చూశారు, ఏం చేశారు అని నలుగురిలో అడగడానికి ఒక చోటంటూ ఉంటే కదా! ఫోన్‌లోని మెసేజ్‌ను ఎవరు నిలదీస్తారు?

ఆమె ఆస్పత్రిలో పోయింది. తెల్లవారుజామున అంబులెన్స్ గేటు ముందు ఆగింది. ఇంటి యజమాని కిందికి దిగి గేటు తాళం తీయలేదు. గృహప్రవేశమై ఏడాది తిరగలేదు, శవం లోపలికి రాకూడదు, మీరే ఏదో ఒకటి చూసుకోండి అన్నాడు. ఆరేళ్లు నెలనెలా పాత ఇంట్లోనూ కొత్త ఇంట్లోనూ అద్దె తీసుకున్నవాడు ఆ మాట అన్నాడు. వాన పడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఖాళీ జాగాలో ఆ షాపు కుర్రాళ్లే టెంటు వేశారు. ఫ్రీజర్ బాక్స్ తెచ్చారు. దానికి కరెంటు కావాలి. రెండు ఇళ్లలో అడిగితే ఇన్వర్టర్ లోడ్ ఆగదన్నారు, మరో ఇంట్లో తలుపు తీయలేదు. చివరికి మలుపులో టీ బండి పెట్టుకునే ఆయన తన బండి దగ్గరి నుంచి వైరు లాగి ఇచ్చాడు. ఆయనదీ అద్దె బతుకే. తడిసిన నేల మీద వైరు జాయింటు తడవకుండా పాల కవరు చుట్టి, ఒక ఇటుక పెట్టి దాని మీద ఉంచాడు. ఆమె కూతురు తొమ్మిదో తరగతి పిల్ల, ఆ ఇటుక పక్కనే కూర్చుంది, ఎవరూ తొక్కకుండా.

మా కాలనీలో కమ్యూనిటీ హాలుంది. ప్రజాప్రతినిధి నిధులతో, అంటే ప్రజల డబ్బుతో కట్టింది. ఫ్యాన్లున్నాయి, కుళాయి ఉంది, కరెంటుంది. తాళంచెవి సంక్షేమ సంఘం దగ్గర ఉంటుంది. అడగడానికి నేనే వెళ్లాను. హాలు శుభకార్యాలకు మాత్రమేనని తీర్మానం ఉందన్నారు. పైగా, "వాళ్లు మన మెంబర్లు కారు కదండీ" అన్నారు. నిజమే, కారు. మా సంఘం నిబంధనల ప్రకారం ప్లాటు ఉన్నవాళ్లకే సభ్యత్వం. వీధిలో సగానికి పైగా ఇళ్లలో ఉన్నది అద్దెవాళ్లే. ప్లాటు కొని అమెరికాలో ఉన్నవాడికి ఇక్కడ ఓటుంది, ఇక్కడే ఉండి ఇక్కడి దోమ కుట్టి చచ్చిపోయిన మనిషికి లేదు.

ఇది మా ఒక్క వీధి పాపం అనుకుంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. అద్దెకున్నవాళ్ల శవాన్ని యజమానులు ఇంట్లోకి రానివ్వలేదని, రోడ్డు పక్కన టెంటు వేసుకున్నారని, శ్మశానంలోనే కర్మ చేసుకున్నారని మన తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివాం? ఏ పార్టీ అయినా దీన్ని ఒక సమస్యగా పట్టించుకుందా? 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు డాక్టర్లనే ఇల్లు ఖాళీ చేయమన్న యజమానులు బయటపడ్డారు. తర్వాత కొన్ని వారాలకు కాలనీలు వెదురు కర్రలు అడ్డం కట్టుకుని, పనిమనిషినీ కూరగాయల బండినీ ఆపేశాయి. కొత్తగా కట్టే గేటెడ్ కమ్యూనిటీల్లో పనివాళ్లకు వేరే లిఫ్టు. టు-లెట్ బోర్డు మీద శాకాహారులకు మాత్రమే అని రాస్తారు. ఆ రాత వెనక ఏ కులాన్ని వద్దంటున్నారో రాసినవాడికీ తెలుసు, చదివినవాడికీ తెలుసు.

పాతకాలంలో వాడకట్టు ఎంత బాగుండేదో అని నిట్టూర్చేవాళ్లతో నేను గొంతు కలపలేను. ఏ వాడ? ఊరికి ఒక వైపు వాడ, దానికి ఆవల వెలివాడ. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి చంపింది ఎక్కడి నుంచో వచ్చిన పగవాళ్లు కాదు, అదే ఊరివాళ్లు. గొడవ మొదలైంది తాగే నీళ్ల చెరువు దగ్గర. ఇరుగుపొరుగు అనే ప్రేమ దానంతట అది పుట్టదు, చట్టం అండ లేకపోతే నిలవదు కూడా. అందుకే నాకు ఏరియా సభ కావాలి. ఒకరి దయ మీద కాకుండా ఓటు మీద నిలబడే పొరుగు కావాలి. టీ బండి ఆయన ఆ రోజు వైరు ఇచ్చాడు, ఆయన మంచితనానికి దండం పెడతాను. కానీ అంత్యక్రియల కోసం ఒక కుటుంబం పదిహేను అడుగుల వైరును అడుక్కోవాల్సిన గతి రాకూడదు.

చేయలేరు, జనం రారు, నగరంలో ఎవడి పని వాడిది అని అధికారులు చెబుతుంటారు. అబద్ధం. ఆ అబద్ధాన్ని కొట్టిపారేసే సాక్ష్యం హైదరాబాద్‌లోనే ఉంది. 1967లో ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టింది. పథకం మనుషులు బస్తీల్లోకి వెళ్లి కూర్చున్నారు. ఇది కట్టిస్తాం, అది ఇస్తాం అని వెళ్లలేదు. మీకేం కావాలి, అందులో మీరేం చేయగలరు, మేమేం చేయాలి అని అడిగారు. బస్తీ సంఘాలు, మహిళా మండళ్లు, యువజన సంఘాలు పుట్టాయి. బాల్వాడీలు వచ్చాయి, కుట్టు శిక్షణ కేంద్రాలు వచ్చాయి. తర్వాత యునిసెఫ్ చేయి కలిపింది. 1970లు, 80ల్లో పట్టాలు, బ్యాంకు రుణాలతో బస్తీ జనం తమ ఇళ్లు తామే దగ్గరుండి కట్టుకున్నారు. గుడిసెలు పక్కా ఇళ్లయ్యాయి. బ్రిటన్ ప్రభుత్వ సాయం వచ్చి పథకం ఇంకా పెద్దదైంది. దేశంలో పట్టణ పేదల కోసం తర్వాత తెచ్చిన పథకాలకు హైదరాబాద్ అనుభవం పాఠమైంది. ఆ పథకాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు.

కార్పొరేషన్‌లో ఆ పేరుతో విభాగం ఇప్పటికీ ఉంది. పొదుపు సంఘాలు, రుణాలు, షెల్టర్లు చూస్తుంది. చెడ్డ పనులేం కావు. కానీ బస్తీని కూర్చోబెట్టి బస్తీ చేతే నిర్ణయం చేయించిన ఆ పద్ధతి ఏమైంది? ఇంట్లో బంగారం పెట్టుకుని బజారులో అప్పు అడిగినట్టు, కన్సల్టెంట్లను తెచ్చి పౌరుల భాగస్వామ్యం మీద స్లయిడ్లు వేయించుకుంటున్నారు. ఇక్కడ ఇదే ఊళ్లో ఇది జరిగిందని మన పిల్లల పాఠాల్లో లేదు, కార్పొరేటర్ల శిక్షణలో లేదు. ఎవరికీ అక్కర్లేకపోయింది.

పల్లెల్లో ఏం జరిగిందో కూడా మరిచిపోయారు. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990లు మొదలవుతున్న రోజులు. అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడి పెడితే, పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ చేరారు. పక్కపక్క ఇళ్లవాళ్లు, కానీ అంతకుముందు ఒకచోట కూర్చుని తమ బాధ తాము చెప్పుకునే వేళ వాళ్లకు లేదు. అక్షరాల మధ్యలో సారా మాట వచ్చింది. ఎవరింట్లో ఎంత పోతోంది, ఎవరి ఒంటి మీద ఎన్ని దెబ్బలు అని లెక్క తేలింది. ఆ బడిలోంచి లేచి వెళ్లి సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలం పాటలు ఆగిపోయిన ఊళ్లు ఒకటీ రెండూ కాదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. ఆ నిషేధాన్ని తర్వాత ఎలా నీరుగార్చారో ఇక్కడ చెప్పను, చెబితే ఒళ్లు మండి అసలు మాట పక్కదారి పడుతుంది. రాష్ట్ర ఖజానాను వణికించిన ఆ పోరాటానికి కావలసినవి ఒక లాంతరు, ఒక అరుగు, రోజూ ఒకే వేళకు కూడే ఆడవాళ్లు. అంతే. ఆ కూడే వేళను, కూడే చోటును మన నగరాలు జనానికి ఇవ్వడం లేదు. ఉన్న హాలుకు కూడా తాళం వేశారు.

వరదలొచ్చినప్పుడు దీని ధర తెలుస్తుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ మునిగింది. నాలుగైదు రోజుల తర్వాత పాతబస్తీ పైన గుర్రం చెరువు కట్ట తెగి, తేరుకుంటున్న ఇళ్ల మీద మళ్లీ నీళ్లు పడ్డాయి. ప్రభుత్వం 550 కోట్లు ప్రకటించింది, ముంపు కుటుంబానికి 10 వేలు. ఎవరి ఇల్లు మునిగింది? వీధిలో ఉన్నవాళ్లకు తెలుసు, వీధిలో సభ ఉంటే ఒక సాయంత్రంలో జాబితా తేలేది, అందరి ముందూ చదివేవాళ్లు, అబద్ధం పేరు ఒక్కటీ నిలబడేది కాదు. సభ లేదు కాబట్టి ఏం జరిగింది? నగదు పంపిణీ చుట్టూ స్థానిక నాయకులు మూగారు. మునిగినవాళ్లను వదిలేశారని, మునగనివాళ్లు తీసుకున్నారని గోల పుట్టింది. జనం మీసేవ కేంద్రాల ముందు పిల్లల్ని ఎత్తుకుని వరసల్లో నిలబడ్డారు. నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపేయమంది. డిసెంబరు 1న కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, నూటికి 46 మంది ఓటేశారు. మర్నాడు అందరూ నగరవాసి బద్ధకం మీద ఉపన్యాసాలిచ్చారు. ఐదేళ్లకు ఒకసారి ఓటు వేయించుకుని, మధ్యలో ఒక్క మాట అడగనివ్వని వ్యవస్థ మీద మనిషికి ఆశ ఎందుకుంటుంది? ఆ ప్రశ్న వేసినవాళ్లు ఎంతమంది?

విజయవాడ చూడండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచాయి. కట్టకు మూడు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ పారింది. హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. పని చేసినవాళ్ల కష్టాన్ని నేను చిన్నబుచ్చను. కానీ లోపలి సందుల్లో ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో, ఎక్కడ పచ్చి బాలింత ఉందో, ఎక్కడ మంచం మీది ముసలాయన ఉన్నాడో ఏ డ్రోనుకు తెలుస్తుంది? పక్కింటివాళ్లకు తెలుసు. పీకల్లోతు నీళ్లలో ప్లాస్టిక్ టబ్బుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చింది పక్కింటివాళ్లే. తర్వాత కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు సాయం అన్నారు. మళ్లీ జాబితాలో పేరు లేదని సచివాలయాల ముందు వరసలు. 50 ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున ఐదేళ్లు ప్రతి గడపా తొక్కిన రాష్ట్రంలో, వరదలో ఏ సందు వాళ్లు ఏ మేడ మీదకి చేరాలి, పడవ ముందు ఎవరికి వెళ్లాలి అని ఒక్క వీధితోనైనా కూర్చుని అనుకుని ఉంటే ఆ మూడు నాలుగు రోజులు అంత నరకంగా గడిచేవా? బుడమేరుకు వరద కొత్త కాదే! 2005లోనూ వచ్చింది కదా!

కేరళలో 1998లో కుటుంబశ్రీ మొదలైంది. దాని పునాది పొరుగు బృందం. పది నుంచి ఇరవై ఇళ్ల ఆడవాళ్లు వారం వారం ఒకరి ఇంట్లో కూర్చుంటారు. వాటి మీద వార్డు స్థాయి సంఘం, ఆపైన పంచాయతీ స్థాయి సంఘం. స్థానిక సంస్థలు పేదల కోసం వేసే ప్రణాళికకు వాళ్లతో పని పడుతుంది. 2018 వరదల తర్వాత బురద నిండిన ఇళ్లను కడగడానికి ఆ ఆడవాళ్లు వేలమంది చీపుర్లు పట్టుకుని దిగారు, ఎవరి ఇల్లు ఎక్కడో వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు. మన దగ్గర పొదుపు సంఘాలు తక్కువా? దేశానికే దారి చూపించాం అంటాం. మన ఆడవాళ్ల చేత పొదుపు చేయించాం, అప్పు కట్టించాం, సభలకు లారీల్లో తరలించాం. వార్డు బడ్జెట్ మీద మాత్రం వాళ్ల మాట అడగలేదు. నెలనెలా కూర్చుని రూపాయి తేడా రాకుండా లెక్క రాసే ఆడవాళ్లకు, తమ వీధి మోరీకి ఎంత ఖర్చయిందో చూసే పుస్తకం ఎవరూ చూపించరు.

మన జనానికి కలిసి పనిచేయడం రాదా? ఏ సందులోకైనా వినాయక చవితికి ముందు వారం వెళ్లండి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు గడప గడపకూ తిరిగి చందా వసూలు చేస్తారు, రసీదు రాస్తారు, పందిరి, లైటింగ్, భోజనాలు, లడ్డూ వేలం, నిమజ్జనం లారీ, పోలీసు అనుమతి అన్నీ చూసుకుంటారు. పదకొండు రోజులు పొల్లుపోకుండా నడిపిస్తారు. అద్దెవాళ్ల దగ్గర చందా తీసుకుంటారు, ఓనరా కాదా అని ఎవరూ అడగరు! ఆ కుర్రాళ్లకు శక్తి లేక కాదు, పన్నెండో రోజున వాళ్లకు చేతికి ఏ పనీ ఏ అధికారమూ లేకుండా చేసింది మనం. ఆ వీధి సెల్లార్‌లో నీళ్లు తోడించే హక్కు, తోడించకపోతే బిల్డర్‌కు జరిమానా వేయించే హక్కు, ఆ వీధికి వచ్చే డబ్బు ఎంతో అడిగే హక్కు వాళ్లకివ్వండి. అప్పుడు చూడండి ఆ సెల్లార్ ఎన్ని రోజులు అలా ఉంటుందో.

కార్పొరేటర్లకు, ఎమ్మెల్యేలకు ఇది ఇష్టం ఉండదు. వీధి తానే కూర్చుని తేల్చుకుంటే, ప్రతి పైపుకూ ప్రతి పింఛనుకూ వాళ్ల గుమ్మం ముందు నిలబడే జనం తగ్గిపోతారు. అధికారులకు ఇష్టం ఉండదు, నలుగురిలో జవాబు చెప్పాల్సి వస్తుంది. కాలనీ సంఘాల్లో ఏళ్ల తరబడి కుర్చీ దిగని పెద్దలకూ ఇష్టం ఉండదు. అందుకే 1993 నుంచి ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా, రెండు రాష్ట్రాలైనా, ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మౌనం. వాళ్ల మౌనం నాకు అర్థమవుతుంది. మీది అర్థం కావడం లేదు. చదువుకున్నవాళ్లు, పన్ను కడుతున్నామని ఛాతీ చరుచుకునేవాళ్లు, వాట్సాప్ గ్రూపులో కుక్కల గురించి, పార్కింగ్ గురించి రాత్రి పన్నెండింటి దాకా తిట్టుకునేవాళ్లు, ఆ తెల్లవారుజామున ఆ గ్రూపులో ఒక్కళ్లు కూడా ఎందుకు మాట్లాడలేదు? "ఓం శాంతి" అని పెట్టారు, చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. హాలు తాళం తీయండి అని ఒక్కరు రాయలేదు.

రెండు రాష్ట్రాల మున్సిపల్ మంత్రులనూ అడుగుతున్నాను. ఏరియా సభ ప్రతినిధిని ఓటర్లే ఎన్నుకునేలా చట్టం ఎప్పుడు మారుస్తారు? మూడు నెలలకోసారి ప్రతి బూత్ పరిధిలో సభ జరగాలని, ఆ సభ ముందు శానిటేషన్ అధికారి, ఇంజనీరు వచ్చి లెక్క చెప్పాలని ఉత్తర్వు ఎప్పుడిస్తారు? ప్రజల డబ్బుతో కట్టిన కమ్యూనిటీ హాళ్లన్నిటినీ అద్దెకున్నవాళ్లకూ, చావుకూ పెళ్లికీ తెరిచి ఉంచాలని ఒక్క సర్క్యులర్ పంపడానికి ఎంత ఖర్చవుతుంది? తేదీ చెప్పండి. పరిశీలిస్తున్నాం అన్న మాట మాకొద్దు.

మా సంఘానికి కూడా రాసిచ్చాను. ఏడాదిగా ఈ కాలనీలో ఉంటున్న ప్రతి మనిషికీ, ప్లాటు ఉన్నా లేకపోయినా, సభ్యత్వం ఇవ్వాలి. శుభకార్యాలకు మాత్రమే అన్న తీర్మానం రద్దు కావాలి. హాలు తాళంచెవి ఒకటి మలుపులో టీ బండి ఆయన దగ్గర ఉండాలి, తెల్లవారుజామున నాలుగింటికి వీధిలో మెలకువగా ఉండేది ఆయనొక్కడే. ఈ కాగితం మీద ఇప్పటిదాకా సంతకం పెట్టినవాళ్లంతా అద్దెవాళ్లే. వాళ్ల సంతకాలు చెల్లవని సంఘం చెప్పింది. సొంతిల్లున్నవాళ్ల సంతకాల కోసం ఈ ఆదివారం నుంచి ప్రతి గేటూ కొడతాను, ఆ మూడో ఇంటి గేటుతో మొదలుపెట్టి.